పెద్దావిడ వాటా

వీధిలో కారు ఆగిన చప్పుడైతే చాలు, పెద్దన్న లేచి ఒళ్ళు విరుచుకుని గేటు దగ్గరికి బయల్దేరుతుంది. పెద్దన్న అంటే మనిషి కాదు, పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు, ఎక్కడో పోట్లాటలో సగం తెగిన చెవి. ఊరి పెద్దమనిషిలా తీరిగ్గా నడుస్తుందని ఇంటావిడ ఉల్కన్ భర్త బతికున్న రోజుల్లో ఆ పేరు పెట్టాడు. దాన్ని ఇంట్లోకి రానివ్వరు. అదీ రానని పంతం పట్టినట్టే ఉంటుంది. ఎండాకాలం ఆప్రికాట్ చెట్టు కింద అరుగు మీద, చలికాలం గొర్రెల కొట్టంలో దాని కాపురం. సరస్సు చూడటానికొచ్చి ఉల్కన్ బసలో దిగేవాళ్ళకి మొదటి పలకరింపు దానిదే. సంచులు దింపుకునేలోపే కాళ్ళకి ఒళ్ళు రాస్తుంది, గది తనే చూపిస్తున్నట్టు ముందు నడుస్తుంది. సైకిలు మీద దేశాలు తిరుగుతూ మోకాలు వాచి ఇక్కడే ఆగిపోయిన పోలండ్ అమ్మాయి మగ్దా అయితే రోజంతా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటోంది.

ఆ రోజు దిగినవాళ్ళు అద్దెకొచ్చినవాళ్ళు కాదు, చుట్టాలు. ఉల్కన్‌కి బావగారు సాతర్, ఆయన భార్య జిబెక్. దొడ్లో కొత్తగా వేస్తున్న ఉన్నిడేరాకి ఆశీర్వచనం పలకడానికి పట్నం నుంచి వచ్చారు. పిల్లికి చుట్టాలైనా ఒకటే, అద్దెవాళ్ళైనా ఒకటే. తిన్నగా వెళ్ళి ఆయన మెరుగుపెట్టిన బూట్లకి ఒళ్ళు రాసింది.

“పెద్దన్నా! లే అక్కణ్ణుంచి!” అని పొయ్యి దగ్గర నుంచి కోడలు బెర్మెత్ కేకేసింది.

సాతర్ అక్కడే నిలబడిపోయాడు. “నన్నేనా?”

బెర్మెత్ నాలుక్కరుచుకుంది. కోడలు మామల ఎదుట గొంతెత్తడమే తప్పు. ఇక ఇలా గద్దించడం గురించి చెప్పేదేముంది. “పిల్లిని మామయ్యా,” అని తలగుడ్డ ముందుకి లాక్కుని వంగి దండం పెట్టింది. జిబెక్ కిసుక్కుమంది. సాతర్ నవ్వలేదు.

బెర్మెత్ మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. పెద్ద ఇనుప బాండీలో గొర్రె మాంసం పొద్దుణ్ణుంచీ ఉడుకుతోంది. నురగ పైకి తేలినప్పుడల్లా గరిటెతో తీసి పారబోయాలి. మంట పెరిగితే మాంసం చెదురుతుంది, తగ్గితే కొవ్వు గడ్డకడుతుంది. ఉప్పు తప్ప మరేదీ వెయ్యరు. వంట కష్టమైంది కాదు, వడ్డనే కష్టం. గొర్రెని కీళ్ళ దగ్గర విడదీస్తారు గానీ ఎముక విరగ్గొట్టరు. ఏ ముక్క ఎవరి ముందు పెట్టాలో తాతల నాడే నిర్ణయమైపోయింది. తుంటి మగపెద్దకి. వెన్ను చివర కొవ్వుతోకతో కలిసుండే ముక్క, అంటే తోకముక్క, ఆ వంశంలో పెద్దావిడకి. ముక్క మారితే మాటలు తెగిపోతాయి, రాకపోకలు ఆగిపోతాయి. బెర్మెత్ పుట్టింటి ఊళ్ళో ఒక పెళ్ళి అలాగే తప్పిపోయింది.

“నువ్వెళ్ళి గుడ్డ పరిచి రొట్టెలు సర్దు. ఇక్కడ నే చూస్తాలే,” అంది ఉల్కన్, గరిటె అందుకుంటూ.

బెర్మెత్ గదిలోకెళ్ళి నేలమీద భోజనాల గుడ్డ పరిచింది. వేయించిన రొట్టెముక్కలు గుమ్మరించి, మధ్యమధ్య ఆప్రికాట్ జామూ మీగడా పెట్టింది. చుట్టాల చేతుల మీద చెంబుతో నీళ్ళు పోసి, తువ్వాలు అందించింది. ఆమె బయటికొచ్చేసరికి మొగుడు తిలెక్ పెద్ద పళ్ళెంలో ముక్కలు వరస పెడుతున్నాడు. పెట్టినవాడు మళ్ళీ బాండీలోకి తొంగి చూశాడు. గరిటెతో అడుగు దాకా కలియబెట్టాడు.

“తోకముక్క ఏదే?”

“అందులోనే ఉండాలి. నేనే వేశాను.”

“వేస్తే ఏది?”

ఉల్కన్ తలెత్తలేదు. ఉల్లిపాయలు సన్నగా తరుగుతోంది. లోపల్నుంచి సాతర్ దగ్గు వినిపించింది. ఆకలిగా ఉందని ఆయన చెప్పే పద్ధతి అది. తిలెక్ చేసేదిలేక జిబెక్ ముందు దండచెయ్యి ముక్క పెట్టాడు. జిబెక్ దాని వైపు కాసేపు చూసింది. ఉల్కన్ కన్నా చిన్నది ఆమె, బెర్మెత్‌కి అక్కలా ఉంటుంది. కానీ సాతర్ పెళ్ళాం కాబట్టి ఇప్పుడు వంశానికి పెద్దావిడ తనే.

“నాకు ఇదా?” అంది నెమ్మదిగా. “పట్నంలో ఉంటాం కదా, మాకు ముక్కలు తెలీవనుకున్నారేమో.”

సాతర్ కత్తి కింద పెట్టాడు. “తోకముక్క ఏమైంది?”

తిలెక్‌కి గొడవలంటే చిన్నప్పట్నుంచీ భయం. ఏదో ఒకటి చెప్పి నిప్పు మీద నీళ్ళు పోద్దామనుకుని, నోటికొచ్చింది అనేశాడు. “పిల్లి ఎత్తుకుపోయుంటుంది పెదనాన్నా.”

గదిలో అందరికీ ఒక్కసారి ఊపిరి ఆడింది. ఔను, పిల్లే. ఇంకెవరు? జిబెక్ “అదా, ఆ చెవి తెగిందా,” అంది. ఉల్కన్ టీ పోస్తూ ఏమీ అనలేదు. గుమ్మం పక్కన నిలబడ్డ బెర్మెత్ కిటికీలోంచి బయటికి చూసింది. ఆప్రికాట్ చెట్టు కింద మగ్దా ఒళ్ళో పెద్దన్న కళ్ళు మూసుకుని పడుకుంది. చుట్టాల్ని గుమ్మం దాకా దిగబెట్టి వచ్చినప్పట్నుంచీ అది అక్కణ్ణుంచి కదల్లేదు.

“పెద్దావిడ వాటాలో మూతి పెట్టిన జంతువు ఈ ఇంట్లో ఉండకూడదు,” అన్నాడు సాతర్. “ఎల్లుండి నేను డేరాలో చెయ్యెత్తి దీవించే వేళకి అది నా కంటపడ్డానికి వీల్లేదు. కొండవతలే పారేస్తారో, సరస్సులోనే వేస్తారో నాకు అనవసరం. అది గేటు దగ్గర కనబడిందా, నేను కారెక్కి వెళ్ళిపోతాను.”

మగపెద్ద ఆశీర్వచనం పలకని డేరాలో ఊళ్ళో ఎవరూ కాలు పెట్టరు. కాలు పెట్టని డేరాకి పనికి రారు, పాలు పోయరు, తమ బసలు నిండినప్పుడు మిగిలిన జనాన్ని ఇటు పంపరు. రెండు శీతాకాలాలు అత్తా కోడళ్ళు ఉన్ని దంచి, నీళ్ళు పోసి, చాపలో చుట్టి, మోచేతులతో నొక్కి చేసిన కంబళ్ళన్నీ ఆ డేరా మీదే ఉన్నాయి.

*

మర్నాడు పొద్దున బెర్మెత్ గదుల దుప్పట్లు తీగమీద ఆరేస్తుంటే, తిలెక్ బంగాళాదుంపల గోనె ఒకటి దులుపుతూ వచ్చాడు.

“ఎందుకది?” అంది ఆమె, తెలిసే.

“ఎందుకేమిటి. కొండ దాటించి వదిలేసొస్తా. గొర్రెల మందలుంటాయి అక్కడ, ఎలుకలు పట్టుకుని బతుకుతుంది.”

“బాండీ మూత మీద మొద్దు పెట్టాను నేను. పిల్లి ఆ మొద్దు దింపి, మూత తీసి, మరిగే నీళ్ళలో చెయ్యి పెట్టి, అన్ని ముక్కల్లోంచి తోకముక్కే ఏరుకుని, మళ్ళీ మూత పెట్టి మొద్దెత్తి పోయిందా?”

తిలెక్ గోనెని ఇంకోసారి దులిపాడు. “ఏదో ఒకటి చెప్పాలి కదే.”

“ఏదో ఒకటి చెప్పాలంటే నేను తిన్నానని చెప్పు. పిల్లికి నోరు లేదనేగా దాని మీద పెట్టావు?”

“మెల్లిగా! పెదనాన్న లేచాడు.”

“లేస్తే లేవనీ.” కానీ గొంతు తగ్గించింది. తడి దుప్పటి తీగమీద పడేసి చేతులు లంగాకి తుడుచుకుంది. “గోనె ఇలా ఇయ్యి. నేనే దింపొస్తా.”

తిలెక్ ఇచ్చేశాడు. పీడా వదిలిందన్నట్టు ఇచ్చాడు, అదే ఆమెకి ఒళ్ళు మండించింది.

పెద్దన్నకి గోనెలో దూరడం కొత్త ఆటలా ఉంది. లోపల గుర్రుగుర్రుమంటూ కూర్చుంది. బెర్మెత్ దాన్ని రొమ్ముకి ఆనించుకుని సందు చివరికి నడిచింది. అక్కడ సరస్సు వైపు ఒరిగిన పాత ఇంట్లో బురుల్ ఒక్కతే ఉంటుంది. ఆమె సాతర్ మొదటి భార్య. పిల్లలు కలగలేదని ఆయన జిబెక్‌ని చేసుకుని పట్నం పోయాక, ఆ ఇంటినీ ఆమెనీ ఒకేసారి మర్చిపోయాడు. చుట్టాల ఇళ్ళలో పెళ్ళయినా చావయినా సాతర్ వస్తున్నాడంటే బురుల్‌ని పిలవరు. ఎవరూ పిలవొద్దని చెప్పలేదు. పిలవరంతే.

“పెద్దత్తమ్మా, నాలుగు రోజులు దీన్ని గదిలో పెట్టుకుంటావా?”

బురుల్ ఎండలో పీట వేసుకుని కదురు తిప్పుతోంది. గోనెలోంచి తల బయటపెట్టిన పిల్లిని చూసి నవ్వింది. “పెద్దన్నగారు ఇవాళ పల్లకీలో వచ్చారేం?”

“వాళ్ళున్నన్నాళ్ళు కనపడకూడదట.”

“ఎవరికి, ఆయనకా?” బురుల్ ఎందుకని అడగలేదు. పిల్లిని ఒళ్ళోకి తీసుకుని లోపలికి నడిచి, పాలు పోసింది. తర్వాత కిటికీ గూట్లోంచి నీలం గిన్నె ఒకటి తీసి, ఎండిన ఆప్రికాట్లు గుప్పెడు పోసి, బెర్మెత్ చేతిలో పెట్టింది. “ఎలాగూ వచ్చావు. ఇది మీ అత్తకివ్వు. ఖాళీ గిన్నె పంపకూడదు కదా.”

బెర్మెత్ ఆ గిన్నె వైపు చూసింది. అంచు విరిగిన గిన్నె. రోజూ తను తోమే గిన్నె.

“మాంసం వెన్నలా ఉందమ్మా,” అంది బురుల్. “ఇన్నేళ్ళకి నా వాటా నా దగ్గరికొచ్చింది. బావగారే పంపారని చెప్పింది మీ అత్త. ముక్క ఆయనే కోశాడా, మీ ఆయన కోశాడా?”

పొయ్యి పక్కన శుభ్రంగా చీకిన ఎముక ఒకటి గుడ్డ మీద ఆరబెట్టి ఉంది. తోకముక్క ఎముక.

బెర్మెత్ గిన్నె రెండు చేతులా పట్టుకుంది. “ఆయన ఎదురుగానే కోశారు పెద్దత్తమ్మా,” అని అబద్ధమాడింది. సందులో కోపంగా, విసురుగా నడిచింది. అత్త మీద కోపమా, ఆయన మీదా, ఎవరి మీదో ఆమెకే అంతుపట్టలేదు.

*

ఉల్కన్ డేరా చుట్టూ నడికట్టు తాడు బిగిస్తోంది. బెర్మెత్ గిన్నె తీసుకెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. ఉల్కన్ దాన్ని చూసింది, కోడల్ని చూసింది. తాడు పంటితో పట్టి ముడి వేసింది.

“ఆ కొస పట్టుకో,” అంది.

బెర్మెత్ పట్టుకుంది. ఇద్దరూ లాగారు.

“రేపు ఆశీర్వచనం అయ్యేదాకా నోరు మూసుకో,” అంది ఉల్కన్.

“అయ్యాక పిల్లి తప్పు చెయ్యలేదని చెప్తారా?”

“పిల్లే కదే.”

“ఇవాళ పిల్లే కదా అన్నారు. రేపు నా మీద పడితే కోడలే కదా అంటారు. అవతలావిణ్ణి పిల్లల్లేని ఆడదే కదా అన్నారు, అందరూ ఊరుకున్నారు. ఇలాగే మొదలవుతుంది అత్తమ్మా.”

ఉల్కన్ తాడు వదిలేసి నేలమీద కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి. “నాకు చేతులు రాలేదే,” అంది. “ఆ ముక్క తీసుకెళ్ళి ఆ జిబెక్ ముందు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నా తలకి తెల్లగుడ్డ కట్టింది బురులక్క. నాకు పాలు పడకపోతే మేకని తెచ్చి కట్టేసింది. ఆవిడుండగా ఇంకొకత్తె పెద్దావిడెలా అవుతుంది?”

“మరి పిలవచ్చుగా!”

“పిలిస్తే ఆయన గుమ్మం తొక్కడు. నీ చేతులు చూసుకో ఒకసారి. ఈ కంబళ్ళకోసం గోళ్ళు ఊడేలా చేశావు. అదంతా సరస్సులో పొయ్యమంటావా?”

బెర్మెత్ చేతులు చూసుకోలేదు. “మీరు చేసింది మంచిపనే,” అంది. “దొంగలా చేశారు, అదే నాకు నచ్చలేదు.”

అత్తతో అలా మాట్లాడిన కోడలు ఆ వీధిలో ఇంతవరకు లేదు. ఉల్కన్ చెయ్యెత్తుతుందేమో అనుకుంది బెర్మెత్. ఉల్కన్ ఎత్తలేదు. ఇంతలో మగ్దా కర్ర ఆనించుకుంటూ కుంటుకుంటూ వచ్చి, వచ్చీరాని రష్యన్‌లో అడిగింది, “అమ్మా, పిల్లి ఎక్కడ? పొద్దుట్నుంచి లేదు. నేను చాలా పిలిచాను.”

అతిథి అడిగితే జవాబు చెప్పాలి, అబద్ధం చెప్పకూడదు. ఉల్కన్ ఆ పిల్ల మొహంలోకి చూసి, గిన్నెలోంచి ఒక ఆప్రికాట్ తీసి ఆమె చేతిలో పెట్టింది. “తిను,” అంది.

*

మూడోరోజు మధ్యాహ్నానికి ఊళ్ళోంచి చుట్టాలూ ఇరుగుపొరుగూ రావడం మొదలుపెట్టారు. కార్లు ఒకటి తర్వాత ఒకటి గేటు ముందు ఆగుతున్నాయి. సందు చివర తలుపేసిన గదిలో ఉన్న ప్రాణికి ఆ చప్పుడు వినిపించకుండా ఉంటుందా? బురుల్ పాలకోసం తలుపు ఓరగా తీసిందో లేదో, పెద్దన్న ఆమె కాళ్ళ సందులోంచి జారుకుంది.

కొత్త డేరాలో అందరూ కూర్చున్నారు. గుమ్మానికి ఎదురుగా పెద్ద పరుపు మీద సాతర్, పక్కన జిబెక్. ఆ తర్వాత వయసు వరసన తక్కినవాళ్ళు. మోకాలు చాపుకుని గోడవారగా మగ్దా. గుమ్మం దగ్గర టీ నీళ్ళు కాగే సమోవార్ ముందు బెర్మెత్, ఆమె పోసిన టీ గిన్నెలు లోపలికి అందిస్తూ ఉల్కన్. మాంసం ఇంకా పొయ్యి మీదే ఉంది. ముందు ఆశీర్వచనం, తర్వాత భోజనం. సాతర్ గొంతు సవరించుకుని చేతులు చాపబోతున్నాడు.

పెద్దన్న గడప దగ్గరికొచ్చి ఆగింది. తనంతట తనుగా ఎన్నడూ ఏ ఇంటి గుమ్మమూ దాటని పిల్లి. లోపల ఇంతమంది అతిథులు కనబడేసరికి దానికీ మనసాగలేదేమో, అడుగు లోపల పెట్టింది. పరుపుల మీద నుంచి తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళి, తన పద్ధతి ప్రకారం సాతర్ మోకాలికి ఒళ్ళు రాసింది.

“ఇదింకా బతికే ఉందా?” సాతర్ మొహం కందగడ్డలా అయింది. “తిలెక్! లే. ఇప్పుడే, అందరి ముందూ తీసుకుపో. నా మాటంటే ఈ ఇంట్లో ఇంత లోకువా?”

తిలెక్ లేచాడు. అతనికన్నా ముందు బెర్మెత్ లేచింది. పెద్దలకి వీపు చూపకూడదని కూడా గుర్తులేదు, గుడ్డ మీద అడ్డంగా నడిచి పిల్లిని ఎత్తుకుంది.

“ముట్టుకోకు,” అంది మొగుడితో. తర్వాత సాతర్ వైపు తిరిగింది. “పిల్లి తినలేదు మామయ్యా.”

“పిల్లి తినలేదా? మరెవరు తిన్నారు?”

డేరా అంతా ఆమెనే చూస్తోంది. ఆమె ఉల్కన్‌ని చూసింది. ఉల్కన్ చేతిలో టీ గిన్నె, చూపు టీలోనే ఉంది. చెప్తే అత్త పరువు పోతుంది, చెప్పకపోతే పిల్లి పోతుంది. బెర్మెత్‌కి నవ్వు లాంటిదేదో పొంగుకొచ్చింది.

“నేను తిన్నాను,” అంది. “పొయ్యి దగ్గర నిలబడి, వేడివేడిగా, కొవ్వు గెడ్డం మీద కారుతుంటే తిన్నాను. చాలా బాగుంది.”

జిబెక్ “అమ్మో!” అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వెనకెక్కడో ఒక ముసలాయన పొలమారాడు.

సాతర్ గొంతు తగ్గింది, అందుకే ఇంకా భయమేసింది. “మరదలా, విన్నావుగా. దీన్ని ఇవాళే పుట్టింటికి పంపు. అది గేటు దాటాక చెయ్యెత్తుతాను. లేదంటే ఈ డేరా నువ్వే పీక్కో.”

ఉల్కన్ టీ గిన్నె కింద పెట్టింది.

“పంపను,” అంది.

“ఏమిటీ?”

“పంపను బావగారూ. అది చెప్పింది అబద్ధమని దానికి తెలుసు, మీకు తెలీదు. ఆ ముక్క నేను తీశాను. కోడల్ని లోపలికి పంపి, బాండీలోంచి తీసి, గిన్నెలో పెట్టి, చున్నీ కింద దాచుకుని తీసుకెళ్ళి బురులక్కకి పెట్టాను. అది ఆవిడది. నేను దొంగతనం చెయ్యలేదు, దొంగతనంగా ఇచ్చాను. సిగ్గుపడుతున్నది అందుకే.” ఊపిరి తీసుకుంది. “మీకు చెయ్యెత్తాలని లేకపోతే మానెయ్యండి. బెర్మెత్! వెళ్ళి మీ పెద్దత్తని తీసుకురా.”

బెర్మెత్ పిల్లితోనే పరుగెత్తింది. దూరం వెళ్ళనక్కర్లేకుండా బురుల్ సందులోనే ఎదురైంది, పాలగిన్నె పట్టుకుని పిల్లిని వెతుక్కుంటూ.

“పెద్దత్తమ్మా, నిన్ను రమ్మంటున్నారు. నేను నీతో అబద్ధం చెప్పాను. ముక్క ఆయన పంపలేదు. అత్తమ్మే...”

“ఆయన పంపలేదని నాకు తెలీదా?” అంది బురుల్. “మీ అత్త అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. కొత్తకోడలప్పట్నుంచీ అంతే.”

“తెలిసే తిన్నావా?”

“తెలిసే తిన్నాను. ఎవరు పంపితే ఏం, నాదే కదా.” పాలగిన్నె గోడ మీద పెట్టి, తలగుడ్డ విప్పి మళ్ళీ గట్టిగా కట్టుకుంది. “పద.”

బురుల్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చేసరికి సాతర్ డేరా గోడకేసి చూస్తున్నాడు. వెళ్ళిపోతానన్న మనిషి లేవలేదు. ఊరంతా ఎదురుగా కూర్చునుంది, లేస్తే వాళ్ళందర్నీ దాటుకుంటూ ఆమె పక్కనుంచే వెళ్ళాలి. బురుల్ ఎవరినీ జరగమనలేదు. జిబెక్ ముందు నిలబడింది, అంతే. జిబెక్ పైకి చూసింది, మొగుడి వైపు చూసింది, ఆయన ఇటు తిరగలేదు. ఆమె మెల్లిగా పక్క పరుపు మీదికి జరిగి, పోతూపోతూ తన దిండు బురుల్ వైపు తోసింది.

బురుల్ కూర్చుంది. రెండు చేతులూ దోసిలిలా ముందుకు చాపింది.

పెద్దవాళ్ళెవరైనా అలా చేతులు చాపాక తక్కినవాళ్ళ చేతులు ఒళ్ళో ఉండకూడదు. శత్రువైనా సరే, చాపాలి. ఉల్కన్ చేతులు లేచాయి. తిలెక్ చాపాడు. ఇరుగుపొరుగు చాపారు. మగ్దా చుట్టూ చూసి తనూ చాపింది. పిల్లిని చంకలో ఇరికించుకుని బెర్మెత్ చాపింది. జిబెక్ కూడా చాపింది.

బురుల్ మొదలుపెట్టలేదు. తొందరేమీ లేనట్టు, చేతులు అలాగే గాల్లో ఉంచి, సాతర్ ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూస్తూ ఆగింది. బయట బాండీ మూత టకటకలాడుతోంది. ముసలాయన ఒకడు “ఊఁ, కానియ్యి సాతర్, చేతులు లాగుతున్నాయి,” అన్నాడు.

సాతర్ చేతులు ముందు మోకాళ్ళ దాకా వచ్చాయి. తర్వాత పైకి లేచాయి.

అప్పుడు చెప్పింది బురుల్. “ఈ గడప దాటి లోపలికొచ్చిన ప్రాణిని ఎవరూ వెళ్ళగొట్టకుందురు గాక. ఇక్కడ ఎవరి వాటా వాళ్ళకి అందుగాక. ఓమీన్.”

“ఓమీన్,” అన్నారందరూ, చేతులతో మొహాలు తుడుచుకుంటూ. సాతర్ కూడా తుడుచుకున్నాడు.